చుక్కలు పెట్టిన చోట

గోడకు అంటించిన కాగితం తెక్లా కంటే ఎత్తుగా ఉంది, దాని మీద గీసిన తెక్లా బొమ్మ అసలు తెక్లా కంటే రెండింతలు లావుగా ఉంది, బొమ్మ చుట్టూ కిక్కిరిసిన ప్రాసలన్నీ ఆమే చదవాలి, గట్టిగా, పై నుంచి కింది దాకా, నోరు తడబడిన ప్రతిసారీ ఒక గుక్క వైను తాగుతూ. పాదువాలో డిగ్రీ పుచ్చుకున్నవాళ్ళెవరికీ ఈ పపీరో తప్పదు. పొద్దున లోపల అయిదుగురు ప్రొఫెసర్ల ముందు పులిలా నిలబడ్డవాళ్ళు కూడా మధ్యాహ్నం బయట వరండా స్తంభం పక్కన, స్నేహితులు గిలికిన తమ బతుకు చరిత్రను తమ నోటితోనే చదువుకుంటూ, కన్నవాళ్ళ ముందూ దారిన పోయేవాళ్ళ ముందూ పిల్లులైపోతారు. తల మీద లారెల్ ఆకుల కిరీటం, ఒంటి మీద నల్ల చెత్త సంచులు కత్తిరించి అతికిన సన్యాసిని గౌను, పైన జూలై ఎండ, గౌను లోపల చెమట కాలువలు. సన్యాసినుల ఉత్తరాల మీద పరిశోధన రాస్తే సన్యాసిని వేషమే కదా కట్టిస్తారు, కప్పల మీద రాసిన లూకాకి నిరుడు కప్ప వేషం కట్టి వరండా అంతా గెంతించారు, ఆ గెంతించినవాళ్ళలో తెక్లా కూడా ఉంది, ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని ఊరికే అన్నారా. "కానీ తల్లీ, మొదలుపెట్టు," అన్నాడు కొర్రాదో, సీసా మూత తీస్తూ. పపీరో రాసింది వాడే. మామూలుగా అయితే ఈపాటికి వాడి నోరు చెవుల దాకా సాగి ఉండాలి, ఇవాళెందుకో కాస్త బిగుసుకుని ఉన్నాడు.

"చియోద్జా రేవులోన పుట్టిందొక పిల్ల, ఏడుపు విని వల తెంచుకు పోయె చేపలెల్ల!" చదువుతుండగానే ముందు వరసలో అమ్మమ్మ తొడ చరిచి నవ్వింది, ఆ నవ్వుకి పక్కనున్న అమ్మ లొరెదానా ఉలిక్కిపడింది. నివెస్ అమ్మమ్మకి డెబ్బై తొమ్మిది. తెల్లారగట్ల చియోద్జాలో బస్సెక్కి, ఈ ఊరివాళ్ళ కుర్చీల్లో నడుం నిలవదని తన మడత కుర్చీ తనే మోసుకొచ్చుకుంది, ఒళ్ళో మూత బిగించిన డబ్బా, డబ్బాలో ఉల్లిపాయల్లోనూ వెనిగర్లోనూ రెండు రోజులు నానిన సార్డీన్ చేపలు, మూత ఎంత బిగించినా వాసన మాత్రం ఎప్పుడో బయటికొచ్చి వరండా అంతా తిరుగుతోంది. ఆ వాసన తగిలితే చాలు తెక్లాకి ఏడేళ్ళొస్తాయి, బజారులో మంచు గడ్డల పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్న ఏడేళ్ళు. నలభై ఏళ్ళు చేపలమ్మిన అమ్మమ్మ చేప కన్ను చూసి ఏ పూట పట్టిందో చెబుతుంది, మనిషి కన్ను చూసి కొంటాడో ఊరికే బేరమాడి పోతాడో చెబుతుంది. అంతటి మనిషికి ఒక్క సంగతి రెండేళ్ళుగా తెలియకుండా నెట్టుకొచ్చారు, తెక్లా, అమ్మ, ఇద్దరూ కలిసి. "తెలియకుండా" అని మనసులో అనుకుంటూ పైకి తప్పు చదివేసింది, "తాగు, తాగు!" అని అరిచారు, తాగింది, వైను వెచ్చగా పుల్లగా ఉంది.

భయమంతా కింది పంక్తుల గురించే. ఏ పపీరోలోనైనా సగానికి పైగా ప్రేమల గొడవే ఉంటుంది. లూకా పపీరోలో వాడి ముగ్గురమ్మాయిల పేర్లూ, ఎవరింట్లో మంచం విరిగిందో కూడా ప్రాస కుదిర్చి పెట్టారు, వాళ్ళ నాన్న కళ్ళజోడు తుడుచుకుని మరీ రెండోసారి చదివాడు. మరి తన కాగితంలో? చదివేదాకా ఏముందో చూపించరు, అది ఆచారం. నొయేమీ పేరు ఉందంటే అమ్మమ్మ ముందు ఇవాళే, ఈ చెత్త సంచుల్లోనే, అంతా బయటపడుతుంది. లేదంటే? లేకపోతే ఇంకా కష్టంగా ఉంటుందని ఇప్పుడే, ఈ ఎండలో, మొదటిసారి తోచింది తెక్లాకి. లూకా విరగ్గొట్టిన మంచానికి చోటున్నప్పుడు నొయేమీకి చోటెందుకుండదు? నొయేమీ మూడో వరసలో ఉంది, తెల్ల చొక్కా వేసుకుంది పాపం, గోళ్ళలో సైకిలు దుకాణం గ్రీజు మాత్రం ఎంత తోమినా వదల్లేదు. "ఇవాళ్టికి మామూలు స్నేహితురాల్లా నిలబడవా" అని నిన్న అడిగితే ఒక్క క్షణం ఊరుకుంది, తరవాత నవ్వేసింది. "ఓ, దానికేం! ఎవరైనా అడిగితే సైకిలుకి గాలి కొట్టడానికొచ్చానంటాలే." నవ్వు సంగతి తెక్లా ఎప్పుడో మరచిపోయింది, ఆ ఒక్క క్షణం మాత్రం చెప్పులో రాయిలా నొక్కుతూనే ఉంది. అమ్మ మంచిదే. రెండేళ్ళ కిందట వంటింట్లో నొయేమీ సంగతి చెప్పినప్పుడు గిన్నె కడగడం కూడా ఆపకుండా, "నాకేం బాధ లేదే, నువ్వు సుఖంగా ఉంటే చాలు. అమ్మమ్మకి మాత్రం చెప్పకు. ఈ వయసులో తట్టుకోలేదు," అంది. తాత పోయిన పదో రోజే బజారుకెళ్ళి తక్కెడ పట్టుకుని నిలబడ్డ మనిషి, తట్టుకోలేదట. అయినా తెక్లా నమ్మింది, నమ్మితే తనకీ సులువుగా ఉంటుంది కాబట్టి నమ్మింది.

"సుద్దముక్క తిన్నదెవరు? అడిగె టీచరక్క, వేలు చూపెను తెక్లా, అదిగో పక్కింటి కుక్క!" ఇది నిజం, ఇది అమ్మమ్మ తప్ప ఎవరూ చెప్పలేని నిజం, అంటే కొర్రాదో చియోద్జాకి ఫోను చేసి కూపీ లాగాడన్నమాట. సుద్దముక్క అనగానే మింగార్దీ మేడం పాఠం చెప్పే గది గుర్తొచ్చింది. మేడం అదిగో, స్తంభానికి ఆనుకుని, చేతిలో ప్లాస్టిక్ గ్లాసుతో, పరీక్ష పెట్టే మొహం ఇంట్లో వదిలేసి వచ్చినట్టు తెగ నవ్వుతోంది. గురువారం రెండున్నర, మూడో అంతస్తు, ఒక కిటికీ తెరుచుకోదు, ఇంకోటి మూసుకోదు. బోర్డు మీద "క్వియర్ విమర్శ" అని పెద్దగా, దాని కింద "ఆడా ఆడా, మగా మగా ప్రేమల చదువు" అని చిన్నగా రాసి మేడం వెనక్కి తిరిగేసరికి గదిలో పద్దెనిమిది మంది, వాళ్ళలో పదిమంది ఏదో బూతు వినబడుతుందేమోనని వచ్చినవాళ్ళే. వినబడలేదు. మూడు వందల యాభై ఏళ్ళ కిందటి సన్యాసినులు, ఓర్సోలా, పావలా, ఉప్పునీళ్ళ మధ్య రెండు దీవుల్లోని రెండు మఠాల నుంచి రాసుకున్న ఉత్తరాలు పంచిపెట్టింది. దానిమ్మ మురబ్బా గురించి, పగిలిన మడమల గురించి, అరువిచ్చిన ఒక శాలువా గురించి. "నీ శాలువా ఉతకలేదు" అని ఓర్సోలా రాస్తుంది, ఆ తరవాత రెండు వరసల చుక్కలు. నూట ముప్పై ఏళ్ళ కిందట ఆ ఉత్తరాలు అచ్చు వేసిన ఫాదర్ గస్పారే తనకి తగదనిపించిన చోటల్లా కోసేసి చుక్కలు పెట్టాడు. కోసినవి ఎన్ని పంక్తులో అన్ని వరసల చుక్కలు, ఎక్కువా కాదు, తక్కువా కాదు, నిజాయితీ గల దొంగ.

ఆ రోజు కొర్రాదోనే లేచాడు. "వాళ్ళు ఉత్త స్నేహితురాళ్ళు మేడం. అప్పట్లో అందరూ అలాగే రాసుకునేవాళ్ళు. మనం ముసుగులెత్తి చూడ్డం దేనికి?" మేడం కోప్పడలేదు, సుద్ద చేతిలో తిప్పుకుంటూ, "ముసుగెత్తొద్దులే నాయనా. ఒక్కటి చెప్పు. రాసింది ఒక కుర్రాడై, అందుకున్నది ఒక పిల్ల అయ్యుంటే, ఉతకని శాలువా గురించి నన్ను సాక్ష్యం అడిగేవాడివా?" అంది. గది అంతా నవ్వింది, కొర్రాదో కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి. వెనక బెంచీలో ఎవరో, "అంటే వాళ్ళు పడుకున్నారంటారా?" అన్నారు. "నాకు తెలీదు," అంది మేడం, "మంచం కింద దూరి చూసే పని మనకొద్దు. ఈ చుక్కలు ఎవరివి? ఆ ఆడవాళ్ళు మాట్లాడారు, రాశారు, సిరా ఖర్చు పెట్టారు. నోరు మూసుకున్నది వాళ్ళు కాదు. ఎవరు భయపడ్డారు, ఎవరి మంచి కోరి భయపడ్డారు, అది అడగండి." అడిగి ఊరుకోలేదు, ఇంటిపని కూడా ఇచ్చింది. మీ ఇళ్ళల్లో చెబుతూ చెబుతూ ఆగిపోయే కథ ఒకటి పట్టుకురండి, ఎక్కడ చుక్కలున్నాయో చూడండి అని. మరుసటి గురువారం ఒకడు మేనత్త గురించి చెప్పాడు, ఇంకొకామె తాత దగ్గరున్న రెండో ఇంటి తాళంచెవి గురించి చెప్పింది, తెక్లా వంతొచ్చినప్పుడు, "మా ఇంట్లో చుక్కల్లేవు మేడం, మా అమ్మమ్మ నోరు మూస్తే కదా!" అంది. అందరూ నవ్వారు. తెక్లా కూడా నవ్వి కూర్చుంది, కూర్చున్నాక అరచేతులు చల్లబడ్డాయి, తమ ఇంట్లో చుక్కలంటే తనేనని అప్పుడే తెలిసింది, పైగా పెట్టుకున్నదీ తనే.

ఆ చలికి పుట్టిందే ఈ పరిశోధన. మఠాల కాగితాలు దాచిన గదిలో ఆరు నెలలు కూర్చుని అసలు ఉత్తరాలు పట్టుకుంది, గస్పారే చుక్కల్ని ఒక్కొక్కటే తీసింది. పొద్దున లోపల ఈ సంగతి చెప్పినప్పుడు అందరికంటే పెద్ద ప్రొఫెసరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ, ఏమిటీ?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు, ఎందుకంటే మొదటి నాలుగు చోట్లా చుక్కల కింద ఉన్నది విరేచనాలు. ఓర్సోలా కడుపు, పావలా కడుపు, ఏ కషాయం పనిచేసింది, ఏది చెయ్యలేదు, అవన్నీ పుణ్యస్త్రీలకు తగవని పాపం గస్పారే కోసేశాడు. ఆ నాలుగూ దొరికిన రోజు తెక్లా ఏడవాలో నవ్వాలో తెలియక నొయేమీకి ఫోను చేసింది, నొయేమీ అవతల దుకాణంలో స్పానరు కింద పడేసి మరీ నవ్వింది. అయిదోది శాలువా. "నీ శాలువా ఉతకలేదు. ఉతికితే అందులోంచి నువ్వు పోతావు. చలికాలం వెళ్ళాక పంపుతాను, లేదా పంపను." అంతే. దానికి మాత్రం ఎవరికీ ఫోను చెయ్యలేదు, కాగితాల గదిలో గుమాస్తా తలుపు వేసే వేళ దాకా అలాగే కూర్చుంది.

"పధ్నాలుగో ఏట ముద్దిచ్చాడు దావిదే, పళ్ళ తీగకు చిక్కి చిరిగె ఆ పెదవిదే!" హోరుమన్నారు, దావిదే ఎక్కడున్నాడో గానీ ఇప్పటికీ కింది పెదవి మీద తెక్లా పళ్ళ క్లిప్పు గీసిన గీత ఉంటుంది. దావిదే దాకా వచ్చేశారంటే తరవాత నొయేమీయే. రెండేళ్ళ కిందట మొదటి పంచరు నిజంగానే పంచరు, మేకు ఇంత పొడుగుంది, దుకాణంలో నొయేమీ ఆ మేకు పీకి, "దాచుకుంటారా?" అంది, దాచుకుంది, ఇంకా ఉంది. రెండో పంచరు కొంచెం నిజం. ఆ తరవాతవన్నీ చియోద్జాకి ఫోనులో చెప్పినవే. అమ్మమ్మా, ఈ శనివారం రాలేనే, టైరు పంచరైంది, బస్సు తప్పిపోయింది. అయ్యో అలాగా తల్లీ, వచ్చే వారం రాలే, అనేది అమ్మమ్మ. పాపం ఎప్పుడూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. "ఇక ప్రేమల సంగతికొస్తే మన తెక్లా," అని పెద్దగా చదివి, కింది పంక్తికి కళ్ళు దించింది.

చుక్కలు. నాలుగు వరసలు, నల్ల సిరాతో, ఒకదాని కింద ఒకటి, ఎంతో ఓపిగ్గా పెట్టిన చుక్కలు. వాటి కింద పంక్తి హాయిగా సన్యాసినుల కషాయాల మీదికి వెళ్ళిపోయింది. తెక్లా నోరు తెరుచుకునే ఉండిపోయింది. "ఆగింది! తాగు! తాగు!" అన్నారు జనం, తాగింది, ఇంకా ఆగే ఉంది, మళ్ళీ తాగించారు. తొంభై పేజీలు చుక్కల మీద రాసి, నూట పదికి నూట ఎనిమిది మార్కులు తెచ్చుకున్న మనిషికి చుక్కలు చదవడం రాదంటే ఎలా? కొర్రాదో తన బూట్లు చూసుకుంటున్నాడు. అమ్మ సంచిలో ఏదో వెతుకుతోంది, ఏమీ లేని సంచిలో. ఓహో. ఇద్దరూ కలిసి. అమ్మమ్మ కోసం, తెక్లా కోసం, అందరి మంచి కోసం, ఫాదర్ గస్పారే కూడా ఇంతే ప్రేమగా కోసి ఉంటాడు, ముసలాణ్ణి పరిశోధనలో ఎన్నెన్ని మాటలన్నది, ఇప్పుడు జాలేసింది. కోపం రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే నిన్న నొయేమీని మూడో వరసలో చుక్కలా పెట్టింది ఎవరు? నొయేమీ అందరితో పాటు చప్పట్లు కొడుతూ "తాగు, తాగు!" అంటోంది, మామూలు స్నేహితురాలి కంటే మామూలుగా, గోళ్ళు కనబడకుండా వేళ్ళు మడిచి. ఆ మడిచిన వేళ్ళు చూసేసరికి తెక్లాకి ఇక ఆగబుద్ధి కాలేదు. పపీరోలో ఉన్నదంతా చదవాలి, అదే కదా రూలు.

"ఇక్కడ ఒక పేరుండాలి," అంది. గొంతు ఎక్కడో పైన, లారెల్ ఆకుల్లోంచి వస్తున్నట్టుంది. "నొయేమీ. రెండేళ్ళ నుంచి. అదిగో, మూడో వరసలో ఉంది. గాలి కొట్టడానికి రాలేదు. నా కోసమొచ్చింది."

ఎవరిదో సైకిలు గంట మోగింది. మడత కుర్చీ కిర్రుమంది. అమ్మమ్మ లేచింది, డబ్బా అమ్మ ఒళ్ళో పడేసి, నడుం మీద చేతులేసుకుని, చేపల బజారులో ఇటు చివర నుంచి అటు చివరికి వినబడే గొంతుతో అరిచింది.

"పేరొక్కటేనా? ఒరే కొర్రాదో, నా నాలుగు పంక్తులేవిరా?"

కొర్రాదో సీసా వెనక దాక్కోబోయాడు. "అది... అమ్మమ్మగారూ... మీ కోసమేనండీ. ఇంతమందిలో మీరెక్కడ బాధపడతారోనని... లొరెదానా ఆంటీ కూడా ప్రేమల సంగతి పెట్టొద్దనే అన్నారు..."

"నేను చెప్పిన మాట నేను వింటే నాకేమైపోద్దిరా సన్నాసీ! ఫోన్లో గంటసేపు చెప్పానా? ప్రాస కుదిరిందాకా రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు! చుక్కలెడతావా? నా కవిత్వానికి చుక్కలెడతావా?"

"అమ్మా," అంది అమ్మ, డబ్బా కావిలించుకుని, "నీకు తెలుసా?"

"తెలవకపోడానికి నేనేమన్నా చచ్చానా? రెండేళ్ళలో ముప్పై ఒక్క పంచర్లే! లెక్కెట్టాను. అన్నీ వేసింది ఆ నొయేమీయేనని దాని నోటితోనే చెప్పింది! ఊళ్ళో ఉన్న మేకులన్నీ కట్టకట్టుకుని నా మనవరాలి టైరు కిందే పడుకుంటాయా? చేప కన్ను చూసి పూట చెప్పేదాన్ని, ఫోన్లో పిల్ల గొంతు విని ఎక్కడుందో చెప్పలేనా? అంత సంతోషంగా టైరు పోయిందని ఎవరన్నా చెప్తారటే?"

"మరి నాతో ఒక్క మాట అనొచ్చుగా!" అంది అమ్మ.

"నువ్వు తట్టుకోలేవని ఊరుకున్నానే," అంది అమ్మమ్మ.

మింగార్దీ మేడం స్తంభాన్ని గట్టిగా పట్టుకుంది, గ్లాసులోది సగం చొక్కా మీద పోయింది, నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసేసింది. తెక్లాకి కూడా నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది, రెండూ చెమటతో కలిసి మెడ మీదికి కారాయి. రెండేళ్ళు. ముప్పై ఒక్క శనివారాలు. అటువైపు ఫోను పట్టుకుని, అయ్యో అలాగా తల్లీ అంటూ, నవ్వాపుకుంటూ, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఈవిడ. మా అమ్మమ్మ నోరు మూస్తే కదా అని గదిలో గొప్పలు పోయింది తను, ఆ నోరు రెండేళ్ళు మూసుకునే ఉంది, తన కోసం. అమ్మమ్మ అప్పటికే మూడో వరసలోకి నడిచి, నొయేమీ మడిచిన వేళ్ళని ఒక్కొక్కటే విప్పి, గోళ్ళు ఎండకి తిప్పి చూసింది. "ఇది పోదమ్మా. నా చేపల వాసన నలభై ఏళ్ళయినా పోయిందా? తోముకోకు," అని, ఆ చెయ్యి వదలకుండానే ముందుకి లాక్కొచ్చింది. "రాయి. నేను చెబుతా, ఆ చుక్కల మీదే రాయి." మేడం సంచిలోంచి ఎర్ర కలం తీసి ఇచ్చింది, పరీక్ష కాగితాలు దిద్దే కలమే. నొయేమీ చెవుల దాకా ఎర్రబడి, కాగితం మీద బొటనవేలి గ్రీజు ముద్ర వేస్తూ, అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టు రాసింది, తన గురించే, పెద్ద పెద్ద అక్షరాల్లో. కొర్రాదో చేత రెండు గుక్కలు తాగించారు, కోసినందుకు. అమ్మ ఎవరూ అడక్కుండానే సీసా అందుకుని ఒక గుక్క తాగి నొయేమీకి ఇచ్చింది.

"ఇప్పుడు చదవ్వే," అంది అమ్మమ్మ, కుర్చీలో వెనక్కి వాలి.

తెక్లా కిరీటం సర్దుకుంది. "ఊళ్ళోని సైకిళ్ళన్నీ ఉన్నాయి నిక్షేపం, మా పిల్ల టైరుకొక్కదానికే వారం వారం శాపం! పంచరేసే నొయేమీ చెయ్యెంత చలవో గానీ, టైరు నిండి తెల్లారినా కొంప చేరదు మా రాణీ!" వరండా కప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఎక్కడా తడబడలేదు, ఒక్క అక్షరం మింగలేదు, అయినా సీసా నొయేమీ చేతి నుంచి లాక్కుని తాగింది.